ముప్పై రెండో నిమిషంలో అప్పాయమ్మ

నేను ఒక పెళ్లి కెమెరాను. పుట్టింది జపానులోనే అయినా నాకు బుద్ధి తెలిసింది అనకాపల్లి కల్యాణమండపాల్లో. నన్ను మొదట కొన్న విశాఖపట్నం డాక్టరుగారు కొడుకు మొదటి పుట్టినరోజు తీసి, రెండో పుట్టినరోజుకల్లా బీరువాలో పడేశారు. అక్కణ్ణుంచి చేతులు మారి నూకరాజు భుజమెక్కాను. ఎక్కింది మొదలు, నాకు తెలియని మేనమామ లేడు, నేను చూడని తోడిపెళ్లికూతురు లేదు.

నూకరాజు పెళ్లి వీడియోలు తీస్తాడు. అతని పనికో పద్ధతి ఉంది. భోజనాల పంక్తిలో ఒక్కో మొహం మీద నన్ను ఆపి, "బాబూ, కాస్త ఇటు చూడండి. అమ్మా, లైటు ఆరేదాకా కదలకండి" అంటాడు. అంతే, మెతుకు మూతికి అంటుకున్నా సరే, అందరూ బిగుసుకుపోయి నన్నే చూస్తారు. రెప్ప వేస్తే వీడియో పాడవుతుందని ఈ ఊళ్లో ఎవరు పుట్టించారో గానీ, చంటిపిల్లలు కూడా నమ్ముతారు. పంక్తి అయిపోగానే నూకరాజు నా కంటికి మూత వేసి, వంటశాలకు వెళ్లి నా బ్యాటరీ ఛార్జింగుకి పెట్టి, తను పులిహోర తింటాడు. అందువల్ల వంటశాల ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. వాసన మాత్రం బాగా తెలుసు.

తర్వాత కొత్త కెమెరాలొచ్చాయి, నా తల మీదుగా ఎగిరేవీ వచ్చాయి. దానికి తోడు నాకు చూపు చెడింది. చూడమన్నవాళ్లని వదిలేసి, కదలకుండా ఎవరుంటే వాళ్లని పట్టుకునేదాన్ని. ఒక పెళ్లిలో వధూవరులను మసక చేసి, వెనకాల అరటిగెలను అద్దంలా చూపించాను. మర్నాటి నుంచి నా నివాసం అటక.

నూకరాజుకి సినిమా పిచ్చి. చచ్చిపోయినవాళ్ల దగ్గర దొరికిన వీడియో ఇదీ అని జనాన్ని నమ్మించే దెయ్యం సినిమాలు చూసి చూసి, ఒక రోజు నన్ను అటక మీంచి దింపాడు. అలాంటి సినిమాకి చెడ్డ కెమెరా ఉంటేనే అందమట! ఇన్నాళ్లకి నా జబ్బు నాకు ఉద్యోగం ఇప్పించింది.

అతని భార్య దుర్గ మాత్రం నడుముకి చెంగు దోపింది. "ఏవండీ, ఈ ఒక్క సినిమా తీసుకోండి. చూసినవాళ్లు బాగుందంటే మీ ఇష్టం. బాలేదన్నారా, ఈ కెమెరాలన్నీ అమ్మేసి మా తమ్ముడి టైల్స్ షాపులో కూర్చోవాలి. వాడు కుర్చీ కూడా తుడిచి పెట్టాడు" అంది. నూకరాజు దేవుడి పటం ముందు సరేనన్నాడు. నా గుండె, అదే నా మోటారు, గుభేలుమంది.

షూటింగు ఊరి చివర ఖాళీ బెల్లం గోడౌనులో. కిటికీలకు గోనెపట్టాలు కొట్టి, మిట్టమధ్యాహ్నం అర్ధరాత్రి తీశాం. హీరోయిన్ బ్యూటీపార్లర్ శైలజ, దెయ్యం విగ్గు పెట్టుకున్న ఆటోడ్రైవరు. అందరికీ వండిపెట్టడానికి పెళ్లిళ్ల వంటావిడ అప్పాయమ్మని పిలిచారు. డెబ్బై ఏళ్ల మనిషి, తెల్లచీర, మాట తక్కువ. బెల్లం పోయినా చీమలు పోలేదు. శైలజ గోడకి ఆనుకునేసరికి గండుచీమలు పట్టుకున్నాయి, ఆ పిల్ల పెట్టిన కేకకి ఆటోడ్రైవరు విగ్గు వదిలేసి పరిగెత్తాడు. నూకరాజు "అదిరింది!" అంటూ నన్ను గుండ్రంగా తిప్పేశాడు.

సినిమా పేరు 'ఏడో నంబరు గోడౌను'. నెట్‌లో పెట్టిన రోజు నుంచి నూకరాజు ఫోను వదల్లేదు. నేను పక్కనే బల్ల మీద ఉన్నాను. వచ్చిన అభిప్రాయాలు పైకి చదువుతున్నాడు, పాపం.

"కెమెరా ఇంత ఊగితే దెయ్యం రాదు, వాంతి వస్తుంది."

"దెయ్యం చేతికి వాచీ ఉంది. టైముకి వచ్చిందన్నమాట."

"భయపడుతున్న అమ్మాయిని 'కాస్త ఇటు తిరగండమ్మా' అంటున్న మహానుభావుడు ఎవరు?"

నాలుగు రోజులు ఇదే భాగవతం. దుర్గ తమ్ముడికి ఫోను చేసి షాపు ఎన్నింటికి తెరుస్తారో కనుక్కుంది.

ఐదో రోజు ఒక కబురు వచ్చింది. "అందరూ నవ్వుతున్నారు గానీ, ముప్పై రెండో నిమిషంలో మూల నిలబడ్డ ముసలామెని ఎవరైనా చూశారా? రెప్ప వెయ్యలేదు. నాకు లైటు ఆర్పాలంటే భయంగా ఉంది." నూకరాజు గబగబా సినిమా తిప్పి చూశాడు. శైలజ కేక వేస్తోంది. ఆమె వెనక చీకట్లో అప్పాయమ్మ, చేతులు కిందికి చాపి, నిటారుగా, నన్నే చూస్తూ నిలబడి ఉంది. అన్నం రెడీ అని చెప్పడానికి వచ్చినట్టుంది. నా చూపు శైలజని మసక చేసి, మెల్లగా ఆవిడ మొహం మీదికి వెళ్లి ఆగింది. సినిమా కూర్చుతున్నప్పుడు నూకరాజు కళ్లన్నీ శైలజ కేక మీదే ఉండిపోయాయి, ఇది గమనించనేలేదు!

అంతే, గాలి తిరిగింది. అది గ్రాఫిక్స్ అని ఒకరు, వెనకటి కాలం వితంతువు ఆత్మ అని ఇంకొకరు. "ఆ ఫోకస్ మార్చిన పద్ధతి చూడండి, ఈ దర్శకుడు మామూలోడు కాడు" అని మరొకరు. వాంతి అన్న పెద్దమనిషి కూడా "రెండోసారి చూశాను, వెన్నులో చలి పుట్టింది" అన్నాడు. మనుషుల అభిప్రాయం ఎంతసేపు ఉంటుందో పెళ్లివారి విడిదిలో నాకెప్పుడో తెలుసు.

విశాఖపట్నంలో సినిమా ప్రియుల సంఘం వాళ్లు ప్రదర్శన పెట్టి నూకరాజుని మాట్లాడమన్నారు. "మూడు నెలలు ఆలోచించి సృష్టించిన పాత్ర" అని కాగితం మీద రాసుకుని అద్దం ముందు వల్లె వేస్తుండగా అప్పాయమ్మ వచ్చింది. నూకరాజు కాగితం జేబులో కుక్కుకున్నాడు.

"ఏటి బాబూ, నన్ను దెయ్యమంతన్నారంట? మనవరాలు సెప్పింది."

"అదేం లేదమ్మా… జనం ఏదో…" నూకరాజు నీళ్లు నమిలాడు. "అసలు నువ్వలా ఎందుకు నిలబడిపోయావు?"

"నువ్వే కదా సెప్తావు, కదలొద్దని? ఎన్ని పెళ్లిళ్లు వండేను! తిన్నోళ్లందరినీ తీసేవోడివి, మా పొయ్యిల కాడికొచ్చీసరికి దాని కంటికి మూతేసీవోడివి. ఆ రోజే మొదటిపాలి ఇది నాకేసి తిరిగింది. అందుకే నిలబడ్డాను." నన్ను చూపించి, చీర కుచ్చిళ్లు సర్దుకుంది. "బాగా వచ్చేనా?"

నూకరాజు ఆవిడని కూడా ప్రదర్శనకి రమ్మన్నాడు.

బయల్దేరేముందు దుర్గ చెవిలో వేసింది. "అక్కడ సత్యహరిశ్చంద్రుడి వేషం వెయ్యకండి. పొరపాటున పడిందని చెప్పారా, వీళ్లంతా మళ్లీ నవ్వుతారు. సోమవారం టైల్సే."

నన్ను వేదిక మీద బల్లపై కూర్చోబెట్టారు. సినిమా అయ్యాక ఒకాయన లేచి, "ఆ ముసలి దెయ్యం ఆలోచన మీకెలా వచ్చిందండీ?" అని అడిగాడు. నూకరాజు కాగితం తీశాడు. ముందు వరసలో దుర్గ కళ్లురిమింది. దుర్గ పక్కన అప్పాయమ్మ, కొత్త చీరలో.

కాగితం మడిచి జేబులో పెట్టేశాడు.

"దెయ్యం కాదండి. మా వంటావిడ, అప్పాయమ్మగారు. పదకొండేళ్లు ఆవిడ చేతి వంట తిన్నాను, ఒక్కసారి కూడా వీడియో తియ్యలేదు. ఇదీ పొరపాటున పడిందే. మీరు మెచ్చుకున్న ఫోకస్ కూడా నాది కాదు, ఈ కెమెరాకి జబ్బు" అన్నాడు.

నా పని, నూకరాజు పని అయిపోయిందనుకున్నాను. అడిగినాయన అప్పాయమ్మ వైపు తిరిగి, "మరి సినిమా ఎలా ఉందమ్మా?" అన్నాడు.

అప్పాయమ్మ లేచి నిలబడింది.

"బాగుంది బాబూ. దెయ్యం ఎప్పుడొస్తాదో అని కడదాకా కళ్లప్పగించి సూసేను. రాలేదు."

హాలు పగలబడి నవ్వింది, ఆ వెంటనే చప్పట్లు మోగాయి. జనం లేచి ఆవిడతో ఫొటోలు దిగడానికి ఎగబడ్డారు. ప్రతి ఫొటోకీ ఆవిడ రెప్ప వెయ్యకుండా నిలబడింది. దుర్గ కళ్లు తుడుచుకుంటూ తమ్ముడికి ఫోను చేసింది. "ఒరే, ఆ కుర్చీలో ఇంకెవరినైనా కూర్చోబెట్టుకో. మీ బావకి తీరిక లేదు."

ఇప్పుడు నేను నూకరాజు దుకాణంలో అద్దాల బీరువాలో ఉంటున్నాను. అతను కొత్త కెమెరాతో పెళ్లిళ్లు తీస్తున్నాడు. వీడియో వంటశాల దగ్గరే మొదలుపెడతాడట, పెళ్లివారు సణుగుతారట. అప్పాయమ్మ సంతకొచ్చినప్పుడల్లా ఇటు తొంగిచూస్తుంది. కొంగు సర్దుకుని, చేతులు చాపి, నా ఎదురుగా నిటారుగా నిలబడుతుంది. నాలో బ్యాటరీ తీసేసి చాలా రోజులైందని ఆవిడకి తెలియదు. లోపలి నుంచి నూకరాజు "అయిపోయిందమ్మా, బాగా వచ్చింది" అని కేకేసేదాకా ఆవిడ కదలదు. నేనూ కదలను.