క్లచ్ తొక్కితే వచ్చే కూత

మా మరిది లారీ నడుపుతాడని అందరూ అంటారు. నేను మాత్రం అనను. ఆ లారీయే ఇన్నాళ్ళూ ఓర్చుకుని అతన్ని మోసుకు తిరుగుతోంది. ముందు అద్దం మీద పెద్ద అక్షరాలతో ‘తుపాను’ అని రాయించుకున్నాడు. అప్పటినుంచి జనం అతన్నే తుపాను అని పిలవడం మొదలుపెట్టారు. అతనూ పలుకుతాడు, సిగ్గులేకుండా.

ఆ రోజు పొద్దున్నే ఆ తుపాను ఇంకో లారీ వెనక తాడుకు వేలాడుతూ మా రిపేరు షెడ్డు ముందుకు వచ్చి ఆగింది. లోపల మహానుభావుడు నల్ల కళ్ళజోడు పెట్టుకుని, రెండు చేతులా స్టీరింగు పట్టుకుని, తనే నడుపుకుంటూ వచ్చినట్టు కూర్చున్నాడు.

“గేరు పడట్లేదు వదినా. క్లచ్ తొక్కితే కీచుమని కూత. వదిలేస్తే ఉండదు. ఎన్నాళ్ళ నుంచో మొత్తుకుంటున్నాను. అన్నయ్య కట్టిన పెట్టె కదా మరి!” అన్నాడు దిగుతూనే.

పెట్టె అంటే గేరు బాక్సు. కిందటిసారి దాన్ని దించి, విప్పి, మళ్ళీ ఎక్కించింది మా ఆయనే. ఆ తర్వాత కొన్నాళ్ళకు తుపాను ప్రతి టీ కొట్టు దగ్గరా “అన్నయ్య చేతిలో పట్టు పోయింది” అని చెప్పుకు తిరిగాడు. ఆ మాట మా ఆయన చెవిన పడింది. మర్నాటి నుంచి స్పానరు ముట్టుకోవడం మానేశాడు. షెడ్డు వెనక గదిలో పీట వేసుకుని, నేను విప్పి ఇచ్చిన బోల్టులు కిరసనాయిల్లో కడుగుతూ కూర్చుంటాడు. గేరు బాక్సుల పనిలో ఆయనకు ఎదురులేదని పేరు. నాకు పని నేర్పింది కూడా ఆయనే. అలాంటి మనిషి ఈ బుర్ర తక్కువ తమ్ముడి కోతలకు అలా ముడుచుకుపోతే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఇలాంటి రోజు కోసమే నేను ఎదురుచూస్తున్నాను. పెట్టె దించి, లోపలి షాఫ్టు బయటికి తీసి, తప్పెవరిదో అందరి ముందూ చూపించాలి. మా ఆయన మళ్ళీ స్పానరు పట్టాలి. నాకు కావలసింది అంతే.

ఇంజను బలాన్ని గేర్లకు చేరవేసేది ఇన్‌పుట్ షాఫ్టు. దాని ఒంటి మీద నిలువుగా గాడులు ఉంటాయి, క్లచ్ ప్లేటు వాటి మీద కూర్చుంటుంది. బరువు బండిని ఎత్తు ఎక్కిస్తూ క్లచ్‌ను టప్పున వదిలే మొరటువాడి చేతిలో పడితే ఆ గాడులు తాడు పేనినట్టు మెలితిరుగుతాయి. తుపాను క్లచ్ ఎలా వదులుతాడో నాకు తెలుసు. పగవాణ్ణి తన్నినట్టు వదులుతాడు. గాడులు మెలిపడి ఉంటాయని ఎంత నమ్మకమంటే, పెట్టె విప్పకముందే కొత్త షాఫ్టు తెప్పించి బల్ల మీద పెట్టాను.

కూత సంగతి నేను చెవిన పెట్టనే లేదు. పొద్దస్తమానం క్లచ్ మీద కాలు ఆనించుకుని నడిపేవాడి బండిలో, క్లచ్‌ను నొక్కే రిలీజు బేరింగు కూయక పాటలు పాడుతుందా? పైగా అతని నోట నిజం వస్తుందని అనుకోవడానికి నాకేమైనా మతిపోయిందా?

అత్తగారు కూడా వచ్చారు. చిన్న కొడుకు ఫోను చేసి పిలిపించుకున్నాడు. ఆవిడకు కుర్చీ వేసి, ఫ్యాను అటు తిప్పాను.

“చిన్నాడేం చేశాడే పాపం, బండి నడిపాడు అంతేగా” అన్నారు ఆవిడ.

“ఇంకాసేపట్లో మీరే చూద్దురుగాని అత్తయ్యా” అన్నాను.

ఆయిలు వదిలాను. వెనక చక్రాలకు వెళ్ళే పొడుగు షాఫ్టు విప్పి పక్కన పెట్టాను. పెట్టె కిందికి ట్రాలీ జాకీ తోసి, దాని బరువు జాకీ మీద కూర్చున్నాక బోల్టులు వదులు చేశాను. పెట్టెను వాలనివ్వకుండా తిన్నగా వెనక్కి లాగాలి. వాలితే బరువంతా షాఫ్టు మీద పడి క్లచ్ ప్లేటు వంగుతుంది. తోకవైపు పట్టుకోమని తుపానుకు చెప్పాను. సగంలో ఫోను మోగింది. రెండు చేతులూ వదిలేసి జేబు తడుముకున్నాడు.

“పట్టుకో! ఆ ఫోను తర్వాత ఎత్తు!” అని అరిచాను.

“కంగారెందుకు వదినా, జాకీ ఉందిగా” అన్నాడు.

ఇతనితో వేగుతున్నందుకు ఆ లారీకి దండ వేయాలి.

పెట్టె బయటికి వచ్చింది. షాఫ్టు ముందుకు పొడుచుకుని ఉంది. గుడ్డతో తుడిచాను. గాడులు మెలిపడలేదు. కొత్తదాని మీద ఎంత తిన్నగా ఉన్నాయో దీని మీదా అంతే తిన్నగా ఉన్నాయి. షాఫ్టు ముక్కు మాత్రం వేడికి నీలంగా మాడి, చుట్టూ గీరుకుపోయి, అరిగి సన్నబడింది. అది క్లచ్ తన్నితే వచ్చే అరుగుదల కాదు.

ఆ ముక్కు, ఇంజను చివర తిరిగే ఫ్లైవీలు నడిమధ్యన ఉండే చిన్న పైలట్ బేరింగులో కూర్చుని తిరుగుతుంది. లైటు పట్టుకుని లారీ కిందికి దూరాను. క్లచ్ విప్పి పక్కకు పెట్టి, ఆ బేరింగులో వేలు పెట్టాను. తుప్పు పొడి, విరిగిన రేకు ముక్కలు, నాలుగైదు గుండ్లు నా అరచేతిలోకి రాలాయి. గ్రీజు జాడే లేదు. మా ఆయన కొత్త బేరింగు వేస్తే దాని పక్కన పంచుతో చిన్న చుక్క కొడతాడు. అది ఆయన అలవాటు. అక్కడ చుక్క లేదు. కిందటిసారి పెట్టె దించినప్పుడే మార్చాల్సిన బేరింగు అది. మార్చలేదు.

గుప్పిట మూశాను. లారీ కింద నుంచి అటువైపుగా పాకి వెళ్ళి, చెత్త డబ్బాలో పడేసి, గుడ్డతో చేతులు తుడుచుకుని ఇవతలికి వచ్చాను.

“చూడండి అత్తయ్యా, మీ చిన్నబ్బాయి ప్రతాపం! క్లచ్‌ను తన్ని తన్ని షాఫ్టును ఎలా మాడ్చి పెట్టాడో!” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అత్తగారు నీలం ముక్కును చూశారు. ఏం అర్థమైందో, నొచ్చుకున్నట్టు తల ఊపారు. తుపాను కళ్ళజోడు తీసేశాడు.

“నా వల్లేనా వదినా?” అన్నాడు నెమ్మదిగా.

అంత తేలిగ్గా నమ్మేశాడు. ఎప్పటిలా ఎదురు వాదించి ఉంటే నాకు ఇంకాస్త తేలికగా ఉండేది.

“ఏవండీ, ఇలా రండి! మీ తప్పేం లేదు, వచ్చి చూడండి” అని గదివైపు కేకేశాను.

మా ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ముందు గాడుల మీద బొటనవేలు నడిపాడు. తర్వాత ముక్కు మీద నడిపి, వేలు అక్కడే ఉంచాడు. నావైపు తిరిగాడు.

“చేతులు చూపించు.”

“ఎందుకు?”

“చూపించు.”

చూపించాను. తుడిచినా అరచేతి గీతల్లో ఎర్రటి తుప్పు ఉంది. ఆయన తిన్నగా చెత్త డబ్బా దగ్గరికి వెళ్ళి, చెయ్యి పెట్టి వెతికి, విరిగిన రేకులు తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టాడు.

“పైలట్ బేరింగురా ఇది. నేనే మార్చాల్సింది. చేత్తో తిప్పితే బాగానే తిరిగింది కదా అని బద్ధకించాను. క్లచ్ తొక్కినప్పుడే దీనికి పని. అందుకే తొక్కితేనే కూసింది. నువ్వు చెప్పింది నిజమే.”

“చెప్పానా!” కళ్ళజోడు మళ్ళీ ముఖం మీదికి ఎక్కింది. “చెప్పానా అమ్మా? క్లచ్ తొక్కితే కూత అని నెత్తీ నోరూ బాదుకున్నానా లేదా? ఎవరైనా విన్నారా?”

ఆ వెధవ నిజం చెప్పాడు. మొదటి రోజు నుంచీ అదే మాట చెబుతూ వచ్చాడు. ఇంతకన్నా అన్యాయం నేనెక్కడా చూడలేదు.

మా ఆయన నాకు మాత్రమే వినబడేలా అన్నాడు.

“వాడు నా చేతిలో పట్టు పోయిందన్నాడు. నువ్వు నాకు నిజం వినే పాటి గుండె కూడా లేదనుకున్నావు. నీకన్నా వాడే నయం.”

అప్పటిదాకా షెడ్డులో అందర్నీ చులకన చేసింది నేనే. ఆ అందరిలో ఆయన కూడా ఉన్నాడని నాకు తట్టలేదు. సిగ్గుతో ముఖం మండింది.

ఆయన అరలోంచి కొత్త బేరింగు తీశాడు. చెవి దగ్గర పెట్టుకుని తిప్పి విన్నాడు. పాత బేరింగు గుల్లను ఊడబీకి, ఆ చోటు శుభ్రంగా తుడిచి, కొత్తదాన్ని చిన్న చిన్న దెబ్బలతో లోపలికి దించాడు. ఆ చేతిలో పట్టు ఎక్కడికీ పోలేదు. నేను లైటు పట్టుకున్నాను. పంచు అడిగాడు, అందించాను. పక్కనే చుక్క కొట్టాడు.

పెట్టె మూత విప్పి మాడిన షాఫ్టు లాగేశాడు. కొత్తదాన్ని దాని పక్కన ఆనించి, పొడవూ పళ్ళూ సరిచూసుకుని ఎక్కించాడు. క్లచ్ ప్లేటును మధ్యకు సరిచేయడానికి మేము ఏదో ఒక పాత షాఫ్టు దూర్చి చూస్తాం. ఈ మాడిన ముక్కు దానికి కూడా పనికిరాదు. గోడకు వేలాడే ఇంకోటి తెచ్చి ఇచ్చాను.

ఈలోపు కుర్చీ పక్కన నిలబడి తుపాను సలహాలు ఇస్తూనే ఉన్నాడు. “గ్రీజు దండిగా పెట్టు అన్నయ్యా.” “ఆ బోల్టు బిగించావా?” “నేను చెప్పబట్టి సరిపోయింది గానీ...” మా ఆయన ప్రతిదానికీ “సరేరా” అన్నాడు. ఒకసారి మాత్రం “క్లచ్ మీద ఊరికే కాలు పెట్టకు” అన్నాడు. తుపాను ఆ మాట వినబడనట్టు మెడ తడుముకున్నాడు.

సాయంత్రానికి పెట్టె ఎక్కింది. ఆయిలు పోశాం. తుపాను లోపలికి ఎక్కి ఇంజను స్టార్టు చేసి క్లచ్ తొక్కాడు. కూత లేదు. గేరు మెత్తగా పడింది. కిటికీలోంచి సగం బయటికి వంగి, అందరికీ వినబడేలా అరిచాడు.

“ఏం వదినా, ఇప్పుడు కూత ఉందా?”

“లేదు.”

“మరి అప్పుడు?”

అత్తగారు చూస్తున్నారు. మా ఆయన స్పానర్లు తుడుస్తూ, తల ఎత్తకుండా వింటున్నాడు.

“అప్పుడు ఉంది” అన్నాను. “నువ్వు చెప్పిందే నిజం.”

మా ఆయన పకపకా నవ్వాడు. స్పానరు వదిలేసిన నాటి నుంచి ఆయన నవ్వడం అదే మొదలు. నన్ను చూసే నవ్వాడు.