సెర్వా వైద్యం, వాగు పక్క తోట

సెర్వా పేరెత్తితే చాలు, అడోమాకో ఇప్పటికీ తుపుక్కున ఉమ్మేసి గానీ మాట మొదలుపెట్టడు. ఊరి ఆడవాళ్లంతా ఆమె వాకిట్లో బారులు తీరతారు. అతనికి మాత్రం ఆమె, నాలుగు ఆకులు చూపించి మగవాడి కాళ్ల కింద నేల లాగేసిన దొంగముసలి.

పెళ్లయి ఆరేళ్లయినా అతని భార్య పోకువాకి పిల్లల్లేరు. నెలసరి ఒకసారి రెండు నెలలకొస్తే, ఇంకోసారి మూడు నెలలకి. మొహం నిండా మొటిమలు. వాటి మీద సంతలో కొన్న తెల్లబరిచే క్రీము, ఆ క్రీముకి మాడిన మచ్చలు. చివరికి సెర్వా దగ్గరికి వెళ్లింది.

సెర్వా మొదట ఆ క్రీము డబ్బాని పెంటకుప్పలోకి విసిరింది. రొట్టె, డబ్బాపాలు మాన్పించింది. చామాకు కూర, ఉడికించిన పచ్చి అరటికాయ తినమంది. తెల్లారగానే చన్నీళ్ల తొట్టిలో నడుం దాకా కూర్చోమంది. నెలసరి వచ్చినప్పుడల్లా వంటింటి గోడ మీద బొగ్గుతో గీత గీయమంది.

"గోడంతా ఈ గీతలేంటే? కోకో బస్తాలు లెక్కేస్తున్నావా?" అన్నాడు అడోమాకో.

"నా ఒంటి లెక్కయ్యా. నీ బుర్రకి ఎక్కదులే."

ఆ మాట అతను మర్చిపోలేదు. ఓ సాయంత్రం కల్లుపాకలో పెద్దల మధ్య మూడో బుర్ర కల్లు ఖాళీ చేసి తొడ చరిచాడు.

"ఆ ముసలిదాని వైద్యానికి నా పెళ్లాం నెల తప్పితే, వాగు పక్క తోట నా పెళ్లానికే ఇచ్చేస్తా!"

ఆ తోట అడివి కొట్టి అతనే స్వయంగా వేసుకున్నది. కాబట్టి ఎవరికైనా ఇచ్చుకోవచ్చు; ఇవ్వకుండా పోతే మాత్రం ఆచారం ప్రకారం మేనల్లుళ్లకే దక్కుతుంది, వాళ్ల కళ్లన్నీ దాని మీదే.

మొగుణ్ణి ఇంటికి లాక్కుపోదామని వచ్చిన పోకువా గుమ్మంలోనే ఆ మాట వింది. అక్కడికక్కడే ఓ జిన్ను సీసా కొని తెచ్చి, అతని మేనమామ బెడియాకో ముందు మోకాళ్ల మీద కూర్చుని పెట్టింది.

"పెద్దలంతా విన్నారు మావయ్యగారూ. ఇది తోట పుచ్చుకుంటున్నందుకు నా తరఫున దండాల సీసా."

బెడియాకో సీసా ముట్టుకోలేదు. "ఒరేయ్ అల్లుడూ, ఇది మన గొంతు దిగిందంటే ఇచ్చిన మాట మళ్లీ వెనక్కి రాదురా."

"పోసెయ్ మావయ్యా! అయ్యేదా చచ్చేదా?" అని అందరికంటే ముందు అడోమాకోనే గుటక వేశాడు. ఊరికే వచ్చిన జిన్ను ఎవడు వదులుతాడు?

నాలుగు నెలలకి పోకువా మొహం నున్నబడింది. గోడ మీద గీతలు నెలనెలా తప్పకుండా పడుతున్నాయి. అప్పుడు సెర్వా అతనికి కబురు పెట్టింది.

"ఆవిడ ఒళ్లు దారికొచ్చింది. ఇక నీ వంతు నాయనా."

"నాకేం తక్కువ?"

"ఊరందర్నీ పిలిచి అడుగుదామా, ఇక్కడే చూసుకుందామా?"

మూడు నెలలు రోజుకో సీసా కషాయం, కల్లు చుక్క ముట్టకూడదు, పొద్దుగూకేసరికి ఇంట్లో ఉండాలి. కాదంటే లోపం అతనిదేనని ఊరు తేల్చేస్తుంది. తాగితే, అది పనిచేస్తే, తోట పోతుంది. బిడ్డ కావాలి, తోటా కావాలి. రాత్రంతా దొర్లి దొర్లి ఉపాయం కనిపెట్టాడు. రోజూ సీసా బుద్ధిగా తెచ్చుకుని పెరట్లో మేకపోతుకి తాగించేవాడు. అది రుచి మరిగి, వారం తిరిగేసరికి సెర్వా వీధి మలుపు దాకా ఎదురొచ్చి అరవసాగింది.

కల్లు దగ్గర మాత్రం ఉపాయం పారలేదు. కల్లుపాక నడిపేది సెర్వా చెల్లెలి కూతురు.

"నిన్ను చూడగానే కుండకి మూత పెట్టేయమంది మా పెద్దమ్మ. వెళ్లు బాబాయ్, పిన్ని ఎదురుచూస్తుంటుంది."

వేరే దారి లేక చీకటి పడకముందే ఇల్లు చేరేవాడు. పోకువా స్నానానికి వేణ్ణీళ్లు పెట్టేది, నవ్వేది. ఆరేళ్లలో అతను ఆ నవ్వుని మత్తు లేని కళ్లతో చూసింది అప్పుడే.

మూడో నెల గోడ మీద గీత పడలేదు. నాలుగో నెలా పడలేదు.

అడోమాకో సెర్వా వాకిట్లోకి పరిగెత్తి, బారులో ఉన్న ఆడవాళ్లందరి ముందూ చేతులు చాపి అరిచాడు.

"నీ మందు చుక్క కూడా తాగలేదే ముసలీ! అంతా మేకపోతుకి పోశా! ఇది నీ వైద్యం కాదు. నా తోట నాదే!"

సెర్వా దంచుతున్న రోకలి ఆపింది. "అది ఉత్త అల్లం నీళ్లురా పిచ్చినాయనా. ఊరికే చెప్తే నువ్వు మాట వినవని చేతిలో సీసా పెట్టా. నా వైద్యం కల్లు మాన్పించడం, నిన్ను పొద్దుగూకేసరికి ఇంటికి తోలడం. అవి మేకపోతు చేసిందా?"

ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నా నవ్వు ఆగలేదు.

మేనమామ దగ్గరికి పోతే ఆయన తలుపు సగమే తీశాడు. "ఆ జిన్ను ముందు మింగింది ఎవర్రా?"

ఆడపిల్ల పుట్టింది. మేనల్లుళ్లు పలకరించడం మానేశారు. పిల్లని భుజాన ఎక్కించుకుని తోటలో తిరుగుతాడు గానీ, ఒక కాయ కోయాలన్నా ఇప్పుడు పోకువాని అడగాలి. "తీసుకోవయ్యా, ఒక్కటే" అంటుందావిడ.

పోయింది: వాగు పక్క రెండుంపావు ఎకరాలు, అందులో కాపుకొచ్చిన కోకో చెట్లు తొమ్మిది వందల నలభై మూడు.