శ్రుతినిచ్చిన రాగిగొట్టం

వాణి! బాసరవాసిని! వరదహస్త!
పలుకు లేనట్టి పేదల పాటలోన
నిలిచి యుండెడి తల్లి! నీ నీడ మమ్ము
కాచు గావుత కథ విను కాలమెల్ల!

నిచ్చెన నాలుగో మెట్టు మీద నిలబడి సదానందం ఆ ఉదయానికి మూడవ ఏసీ జాలీని ఊడదీశాడు. ముక్కుకు కట్టుకున్న తువ్వాలను బిగించుకుని, జాలీలో పేరుకున్న సన్నని ఇసుకను కుంచెతో దులిపాడు. యాభైయారేళ్ల మనిషి, పొట్టి, బక్కపలుచన. కుడి చూపుడువేలి కొన ఏనాడో పంకా రెక్క తగిలి తెగిపోయింది. ఆ మొండివేలితోనే జాలీ అంచును తడిమి, వంపు ఎక్కడున్నదో కనిపెట్టేవాడు. పందొమ్మిదేళ్లుగా రియాద్‌లో అతని పని ఒక్కటే, పరుల గదులను చల్లబరచడం. మెట్‌పల్లి దగ్గరి పల్లెలో భజన మండలికి ముందు గొంతు అతనిది. ఇక్కడ ఆ గొంతు యంత్రాల హోరు కింద కూనిరాగంగా మిగిలింది.

అది రెండువేల ఏడవ సంవత్సరం, మార్చిలో ఒక శుక్రవారం. నగరపు అంచున ఎత్తైన గోడల ఇస్తిరాహా. కుటుంబాలు వేడుకలకు అద్దెకు తీసుకునే విడిది. సాయంత్రం అసర్ నమాజు ముగియగానే అందులో పిల్లల బృందగాన సత్కారోత్సవం. అయిదు భారతీయ పాఠశాలలలో ఆరు నుండి పన్నెండవ తరగతి వరకు చదివేవారిలో గొంతు బాగున్న నలభై ఇద్దరిని ఎంచారు. రెండు నెలలు ఎవరి బడిలో వారు నేర్చిన పాటలను ఈనాడు ఒక్కచోట నిలబడి ఒక్క గొంతుగా పాడతారు. సదానందం ఆ బడులలో ఒకదానికి ఏసీ మెకానిక్.

ఆ సాయంత్రమే అతని ప్రయాణం కూడా. ఇక తిరిగి రాకుండా వెళ్లిపోవడానికి వేసే ఖురూజ్ ముద్ర పాస్‌పోర్టులో పడి యాభైతొమ్మిది రోజులైంది. అరవై దాటితే అది చెల్లదు. మొదటి వారంలోనే వెళ్లవలసినవాడు, ఒక్క మాట కోసం ఆగాడు.

ఆ మాట ఇచ్చినది ఆ బడిలో సంగీతం చెప్పే ఉజ్వల. ఒకనాడు ఆమె పాఠం చెప్పే గదిలో ఏసీ బాగుచేస్తూ, పిల్లల గొంతులు పాట నడుమ కిందికి జారిపోవడం సదానందం గమనించాడు. మరునాడు మిగిలిపోయిన రాగిగొట్టం ముక్కను కోసి, ఆకురాయితో అంచు రాచి రాచి, నాలుగున్నర శ్రుతి పలికే దాకా సరిచేసి తెచ్చాడు. దారంతో వేలాడదీసి పానాతో తట్టితే గుడిగంట కన్నా సన్నగా, కదలకుండా మోగింది. ఉజ్వల విస్తుపోయింది. “మీకు పాట వచ్చా?” అని అడిగింది. అతడు సిగ్గుపడి, నాట్ల వేళ తన తల్లి ముత్యవ్వ కట్టి పాడిన పాటను వినిపించాడు.

మొగులొచ్చి వంగింది మడి మీదికీ
నారొచ్చి నిలిచింది నా చేతికీ
నాటేసి నాటేసి నడుమొంగెనో
ముత్యవ్వ నీ పాట మునుము దాటెనో

మొగులంటే మబ్బు, మునుమంటే నాటు వేసే కూలీల వరుస. మునుము మొత్తానికి ఆమె పాటే నడక. ఉజ్వల కన్నులు చెమర్చాయి. అతడు అడగకుండానే అన్నది: “ఈసారి ఉత్సవంలో మా పిల్లలు ఇదే పాడతారు. మీ అమ్మగారి పేరు మైకులో నేనే చెబుతాను.”

ఆరేళ్ల కిందట ముత్యవ్వ కన్నుమూసిన నాడు యజమాని ఊళ్లో లేడు. పాస్‌పోర్టు అతని బీరువాలో ఉంది. శవం ఎంతసేపని ఆగుతుంది? చిన్నాయన కొడుకు కొరివి పెట్టాడు. ఒక్కగానొక్క కొడుకైన సదానందం ఫోనులో ఏడుపులు విన్నాడు. నాణేలు అయిపోయి అవీ ఆగిపోయాయి. అందుకే, నలుగురి నడుమ అమ్మ పేరు ఒక్కమారు గట్టిగా పలకడం అతనికి సన్మానం కాదు, తాను చేయలేకపోయిన కర్మ.

జాలీలన్నీ బిగించి, చేతులు కడుక్కుని, వేదిక పక్కనున్న ప్లగ్గును ఉజ్వల భర్త అమర్నాథ్‌కు చూపించాడు. “సార్, ఇది ఏసీ ప్లగ్గు, రెండువందల ఇరవై. మీ శ్రుతిపెట్టె నూటపదిది. దీంట్ల పెట్టకుండ్రి.” అమర్నాథ్ ఫోనులో మాట్లాడుతూనే తలూపాడు.

మధ్యాహ్నం సదానందం ఉతికిన తెల్లచొక్కా తొడిగి, తల దువ్వి వచ్చాడు. కూలీల గదులుండే బతా పేట నుండి అతని పెట్టెను పికప్‌లో వేసుకుని భోజన్న కూడా వచ్చాడు. ఒకే ఊరివాడు, పదేళ్లు ఒకే గదిలో పడుకున్నవాడు. ద్వారం దగ్గర నిర్వాహక సంఘం పెద్ద అచ్యుతరామయ్య చేయి అడ్డం పెట్టాడు.

“ఫ్యామిలీస్‌కు మాత్రమేనయ్యా. బ్యాచిలర్స్ లోపలుంటే విడిది వాళ్లు ఒప్పుకోరు. తెలియనిదేముంది నీకు?”

“మేడం రమ్మన్నరు సార్.”

“పనికి రమ్మని ఉంటుంది. ఆ యంత్రాల గదిలో ఉండు, ఏసీ ఆగితే చూసుకుందువు.”

కుటుంబం వెంట లేని ప్రతి మగవాడూ అక్కడ బ్యాచిలరే. భోజన్న పకాలున నవ్వాడు. “ఇన్నవా సదన్నా? ఇద్దరు మనుమలను ఎత్తుకున్నోనివి, ఈ దేశంల ఇంకా బ్యాచిలర్‌వే! పోయినంక వదినెకు చెప్తే మల్ల పెండ్లి చేస్తది.”

సదానందం నవ్వలేదు. “గోడ అవతలికెల్లి గూడ ఇనవడ్తది తియ్,” అని యంత్రాల గదికి వెళ్లాడు. వేదికకూ ఆ గదికీ నడుమ ఒక తలుపు, ఒక తెర. పేరు వినడానికి కుర్చీ ఎందుకు?

అసర్ ముగిసింది. కుర్చీలు నిండాయి. అంతలో కాలిన తీగ వాసన. తలుపు తోసుకుని ఉజ్వల వచ్చింది. పట్టుచీర కుచ్చిళ్లు చేత పట్టుకుని, ముఖమంతా చెమటతో.

“సదానందంగారూ, శ్రుతిపెట్టె కాలిపోయింది!”

“ఆ ప్లగ్గుల పెట్టద్దని పొద్దుగాల్నే చెప్పిన గద మేడం.”

“మా ఆయన పరధ్యానం మీకు తెలియనిదా? మీ గొట్టం ఉందా? పిల్లలు నిలబడి ఉన్నారు. కాదనకండి.”

గొట్టం అతని సంచిలోనే ఉంది, తువ్వాలలో చుట్టి. ఇంటికి తీసుకుపోదామనుకున్నాడు. బయటికి తీస్తూ, తల ఎత్తకుండా అడిగాడు: “అవ్వ పేరు చెప్తరు గద మేడం?”

ఆమె కుచ్చిళ్లు సర్దుకుంది. “చెబుతాను,” అన్నది. అతనికి అది చాలు.

తెర వెనుక ఇనుప కొక్కేనికి దారం ముడివేసి, గొట్టం నిలకడైన దాకా మొండివేలితో ఆపి, పానాతో ఒక్కమారు తట్టాడు. ఆ నాదం సన్నగా తెర దాటింది. నలభైరెండు గొంతులు దానిని పట్టుకున్నాయి. మైకులో ఉజ్వల గొంతు వినబడింది: “ఇది ఒక జానపద గేయం. సేకరణ, పరిష్కరణ, స్వరకల్పన, ఉజ్వలా అమర్నాథ్.”

చప్పట్లు మోగాయి. సదానందం తెరకు దగ్గరగా జరిగాడు. తరువాత చెబుతుందేమో. పోనీ, చెప్పకపోయినా పాట చివర పేరు ఉన్నది గదా! అమ్మ తానే పెట్టుకుపోయిన పేరు. దానిని ఎవరు తీయగలరు?

పిల్లలు మొదటి పాదం ఎత్తుకున్నారు. చిన్నవారు పైస్థాయిలో, పెద్దవారు కిందిస్థాయిలో పాడుతుంటే, కాలిమడమల కింద బురద కదలిన చల్లదనం అతని ఒళ్లంతా పాకింది. ఇంత అందమైన పాటా అమ్మది! నడుమొంగిన పాదం దాటింది. అతని పెదవులు ముందుగానే పేరును పలకడానికి విడివడ్డాయి. అప్పుడు నలభైరెండు గొంతులు ఒక్కటై పాడాయి:

ముత్యాల మా పాట మునుము దాటెనో

ఆ పాదాన్నే మూడుసార్లు పాడారు. మూడుసార్లూ అదే మాట. పెదవుల మీది పేరు పెదవుల మీదే ఉండిపోయింది.

చప్పట్ల హోరులో, ఆరవ తరగతి చదివే భవిత నీళ్ల కోసం తెర వెనుకకు వచ్చింది. అతణ్ణి చూసి గుర్తుపట్టింది. “అంకుల్, మేము బాగా పాడామా?”

“మంచిగ పాడిండ్రు బిడ్డా. ఆఖరి మాట ఎప్పుడు మార్చిండ్రు?”

“మొదటి రోజు నుంచీ మేము అదే నేర్చుకున్నాం కదా,” అన్నది ఆ పిల్ల అమాయకంగా.

మొదటి రోజు నుండీ. అంటే ఆ కన్నులు చెమర్చిన మరునాటి నుండే, ఆ మాట కోసం తాను ఆగిన రెండు నెలలూ పాటలో అమ్మ పేరు లేదు.

జ్ఞాపికను చేత పట్టుకుని వచ్చిన ఉజ్వల అతని ముఖం చూసి నిలిచిపోయింది. “మరోలా అనుకోకండి. ముత్యవ్వ అంటే మోటుగా ఉంటుందని అచ్యుతరామయ్యగారు అన్నారు. పైగా పేరు చెబితే ఎవరు, ఎక్కడున్నారు అని అడుగుతారు... మిమ్మల్ని లోపలికి పిలవలేం కదా! పాట మాత్రం ఎంత బాగా వచ్చిందో చూశారు. మీకూ సంతోషమే కదూ?”

“నన్ను పిలువకున్నా మంచిదే మేడం,” అన్నాడు సదానందం. “పాట నాది గాదు. మా అవ్వది.”

ఆమె ఏదో అనబోయింది. వేదిక మీది నుండి ఎవరో పిలిచారు. “తర్వాతి పాటకీ శ్రుతి ఇవ్వండి, ఒక్క నిమిషం,” అంటూ వెళ్లింది.

అతడు పానాను తుడిచి సంచిలో వేసుకున్నాడు. పనిముట్టు గనుక. ఏసీ చలి సరిగా ఉన్నదో లేదో అలవాటుగా అరచేతితో చూశాడు. వెనుక ద్వారాన వెళ్లి పికప్ ఎక్కాడు.

“ఏమాయె సదన్నా, అవ్వ పేరు చెప్పిండ్రా?” అన్నాడు భోజన్న.

సదానందం కిటికీ అద్దం పైకెత్తాడు. “బండి నడుపు భోజన్నా. యాల్లయితంది.” బండి విమానాశ్రయం దారి పట్టేసరికి పొద్దుగూకిన వేళ మగ్రిబ్ నమాజు పిలుపు వినబడింది. ఆ తరువాత రియాద్‌లో అతణ్ణి చూసినవారు లేరు.

లోపల నలభై ఇద్దరు పిల్లలు రెండవ పాటకు సిద్ధమై, శ్రుతి కోసం చెవులు రిక్కించి నిలబడ్డారు. తెర వెనుక తట్టేవారు లేరు. అతడే బాగుచేసిన ఏసీ గాలికి, దారం కొసన ఆ రాగిగొట్టం ఏ చప్పుడూ లేకుండా తిరుగుతూ ఉన్నది.

ఈ కథ విన్నవారికి శుభమగు గాక! వారి తల్లుల పేర్లు వారి పాటలలో నుండి ఎన్నడూ తొలగకుండు గాక!