ఆరు డిస్కుల పెట్టె

సంజీవయ్య నంద్యాలకు పోయి ఆరు వేలు పోసి పాటల పెట్టె కొనబోతాడని తెలిసి, కొడుకు అజయ్ కుమార్ అంగట్లోకొచ్చి నెత్తి కొట్టుకున్నాడు.

"పిచ్చా నాయనా నీకు? ఆ పాటలన్నీ ఫోన్లో ఊరికే వస్తాండాయి. కొత్త అట్టపెట్టెలో ఏసిస్తే మళ్లా కొనాల్నా?"

ఆళ్లగడ్డలో మైక్ సెట్లు బాడుగకిచ్చే సంజీవయ్యకు ఆ సంగతి తెలీక కాదు. అంగడి ముందర ఎవరూ లేరని చూసుకుని కొడుకును దగ్గర కూర్చోబెట్టుకున్నాడు.

"మీయమ్మ కోసంరా," అన్నాడు.

అవి యేసురత్నం గారు కట్టిన కోత పండుగ పాటలు. నలభై ఏండ్ల కిందట మద్రాసులో రికార్డయి, క్యాసెట్టుగా వచ్చి, చుట్టుపక్కల చర్చిలన్నింటిలో మోగినాయి. చాగలమర్రి నుంచి మిషన్ బడి పిల్లలను కొంతమందిని కోరస్ పాడడానికి మద్రాసు తీసుకుపోయారు. వాళ్లలో అజయ్ వాళ్లమ్మ ఏసమ్మ ఒకతె. ఒక పాటలో, మూడో చరణంలో, ఒక లైను తానొక్కతే పాడింది. కాపురానికొచ్చిన కొత్తలో ఆ మాట సంతోషంగా అత్తగారింట్లో చెప్పుకుంది.

సంజీవయ్య అక్క ఎలిజబెత్ టీచరు. చర్చిలో హార్మోనియం వాయించేదీ, పాటలు నేర్పేదీ ఆమే. క్యాసెట్టు పెట్టి అందరి ముందరా వినింది. మూడో చరణం దగ్గర డోలు మోతలో సన్నగా ఏదో తీగ సాగినట్టు వినపడింది, అంతే.

"అది ఆర్గాన్ కూత. గొంతు యాడుంది దాంట్లో?" అని నవ్వేసింది.

ఆ నవ్వు ఊరంతా పాకింది. "మద్రాసు గాయని" అని పేరు పెట్టినారు. అప్పటినుంచి ఏసమ్మ చర్చిలో కూడా గొంతు విప్పడం మానేసింది. అందరూ పాడుతుంటే పెదాలు మాత్రం కదిలించేది. సంజీవయ్య తన దగ్గరున్న మైక్ సెట్టు డబ్బాలన్నీ కలిపి, బేసు తగ్గించి, ట్రెబుల్ పెంచి ఎన్నోసార్లు ఆ క్యాసెట్టుతో తంటాలు పడ్డాడు. ఆ తీగ గొంతు కాలేదు.

ఇప్పుడు ఆ క్యాసెట్టు కంపెనీ వాళ్లు అసలు టేపులను శుభ్రం చేసి ఆరు డిస్కులుగా తెచ్చారు. ఆఖరి డిస్కులో ఇదివరకెప్పుడూ బయటికి రాని రిహార్సళ్లున్నాయని ప్రకటన.

"దాంట్లో కూడా అమ్మ గొంతు లేకుంటే?" అన్నాడు అజయ్.

"లేకుంటే ఆరు వేలు పాయె. అంతే గదా. మీయమ్మకు మాత్రం చెప్పొద్దు."

అజయ్ బండి తాళాలు తీసుకున్నాడు.

నంద్యాలలో హార్మోనియంలూ తబలాలూ అమ్మే చక్రపాణి అంగట్లో ఆ పెట్టె అద్దాల బీరువాలో ఉంది. ఆయన దాన్ని బల్ల మీద పెట్టి, ఉన్నమాట చెప్పాడు.

"అన్నా, ఊరికే పాట వినాలనుకునేటోళ్లకు ఇది దండగ. నువ్వు ఇని తీసుకో."

ఆయన అన్నట్టే ఉంది. మొదటి డిస్కులో పాటలు అవే. సౌండు మాత్రం పెంచి, బేసు ఉబ్బించారు. చెవులు దిమ్మెక్కాయి. పెట్టెతో వచ్చిన ఫొటోల పుస్తకంలో యేసురత్నం గారి ఒకే బొమ్మ రెండుచోట్ల అచ్చయింది. ఏసమ్మ పాట ఉన్న డిస్కు పెట్టారు. మూడో చరణంలో ఆర్గాన్ వెనక నుంచి నిజంగానే ఒక ఆడగొంతు విడివడి వచ్చింది. కానీ అదెవరిదని చెప్పేది? అక్క ఊరుకుంటుందా?

ఆఖరి డిస్కు పెట్టారు. దగ్గులు. కుర్చీలు జరిపిన చప్పుడు. ఎవరో ఆడపిల్ల కిసుక్కున నవ్వింది. ఆ గోలలోంచి యేసురత్నం గారి గొంతు గట్టిగా పలికింది.

"ఆగండి, ఆగండి. చాగలమర్రి పిల్ల ఎవరమ్మా? ఆ, ఏసమ్మ! మూడో చరణంలో ఆ లైను నువ్వొక్కదానివే పాడు. మిగతావాళ్లు ఊరుకోండి."

దగ్గులు ఆగిపోయాయి. తర్వాత ఆ గొంతు లేచింది. బెదురు లేదు, వణుకు లేదు. ఎండలో ఆరేసిన తెల్లచీర గాలికి లేచినట్టు లేచింది.

చక్రపాణి గబగబా పోయి ఫ్యాన్ ఆపేశాడు. సంజీవయ్య బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయాడు.

"అమ్మే నాయనా! అమ్మే!" అని అజయ్ తండ్రి భుజం పట్టుకుని ఊపేశాడు.

ఇంటికొచ్చేసరికి ఏసమ్మ శనక్కాయలు ఒలుస్తా ఉంది. ఏమీ చెప్పకుండా డిస్కు పెట్టారు. తన పేరు వినపడగానే ఆమె చేతులు ఆగిపోయాయి. లైను అయిపోయేదాకా కదల్లేదు. ఏడుస్తుందేమో అనుకున్నాడు సంజీవయ్య. ఆమె చాటను పక్కకు నెట్టి లేచింది.

"ఆదివారం కోత పండుగ గదా," అంది. "చర్చిలో పెట్టు. నీ పెద్ద స్పీకర్లన్నీ కట్టు."

ఆదివారం చర్చి నిండిపోయింది. ప్రార్థన అయినాక, పాస్టరు గారి అనుమతితో సంజీవయ్య మీట నొక్కాడు. "ఏసమ్మ!" అన్న పిలుపు స్పీకర్లలోంచి వచ్చేసరికి తలలన్నీ ఒక్కసారిగా ఆడవాళ్ల వరసల వైపు తిరిగాయి. ఏసమ్మ అప్పటికే లేచి నిలబడింది. ఆ చిన్నప్పటి గొంతుతోపాటు తన ఇప్పటి గొంతు కలిపింది. బరువుగా, కాస్త గరుకుగా ఉంది. శృతి మాత్రం వెంట్రుకవాసి తప్పలేదు. డిస్కు ఆగిపోయింది, ఆమె ఆగలేదు. నాలుగో చరణం ఎత్తుకుంది. హార్మోనియం ముందర కూర్చున్న ఎలిజబెత్ వేళ్లు తడుముకుని, ఆ శృతిని పట్టుకున్నాయి. జనమంతా అందుకున్నారు. పల్లవికి కిటికీ అద్దాలు గలగలమన్నాయి.

పాటయ్యాక ఎలిజబెత్ నేరుగా మరదలి దగ్గరికొచ్చింది.

"అందరి ముందర తప్పు చెప్పినాను. అందరి ముందరే ఒప్పుకుంటాండా. అది నీ గొంతే."

"ఔ వదినె, నాదే," అంది ఏసమ్మ తలెత్తి.

బయట జనం అజయ్‌ను చుట్టుకున్నారు, ఆ పెట్టె తామూ కొనొచ్చా అని. "మీ మనిషెవరన్నా పాడింటే కొనండప్పా. లేకుంటే ఫోన్ చాలు," అన్నాడు వాడు. అంటూనే తమ పెట్టెను చంకలోంచి దించలేదు.

సంగతి నంద్యాల దాకా పోయింది. క్రిస్మస్‌కు అక్కడి చర్చిలో పాడమని కబురొచ్చింది. వదినె వాయిస్తేనే వస్తానని ఏసమ్మ పట్టుబట్టింది. క్రిస్మస్ నాడు బస్సులో ముందు సీట్లో వదినా మరదళ్లు ఏ శృతిలో ఎత్తుకోవాలా అని పోట్లాడుకుంటా పోయారు. ఒడిలో హార్మోనియం పెట్టె పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్న సంజీవయ్య ఒక్క మాటకూ అడ్డం పోలేదు. మధ్య దారిలో ఏసమ్మ "ఇదిగో, ఈ శృతిలో" అని గొంతెత్తి చూపించింది. డ్రైవరు చెయ్యి చాచి, మోగుతున్న రేడియో ఆపేశాడు.