నా అంగి తొడుక్కున్న అల్లుడు

రెండో కీమో ఎక్కించిన రోజు డాక్టరమ్మ ఒక మాట గట్టిగా చెప్పింది. బర్రె కొట్టంలో అడుగు పెట్టొద్దని. నా రక్తంలో బలం తగ్గిందట. పేడలో ఉండే పురుగు వేరేవాళ్ళను ఏమీ చేయదుగానీ నన్ను మంచాన పడేస్తుందట. పచ్చిపాలు తాగొద్దంది. చల్లనీళ్ళు ముట్టుకోవద్దంది.

నీళ్ళ సంగతి నిజమే. నా పేగులో గడ్డకు ఇచ్చే ఆ మందుతో, చల్లటి చెంబు పట్టుకుంటే వేళ్ళలో సూదులు దిగినట్టుంటుంది. నా భార్య ఐలవ్వ ముఖం కడగడానికి కూడా వేడినీళ్ళే ఇస్తుంది. జావ తాగితే ఇనుము నాకినట్టుంటుంది. అవన్నీ ఓర్చుకున్నాను. బర్రె విషయమే ఓర్చుకోలేకపోయాను.

ఏడేళ్ళుగా దాన్ని నేను తప్ప ఎవరూ పిండలేదు. వేరే మనిషి కూర్చుంటే అది చేపదు. పొదుగు నిండా పాలున్నా చన్నుల్లోకి దించదు. ఆ సాయంత్రం ఐలవ్వ కూర్చుంటే గిన్నెను తన్నింది.

మా అల్లుడు కర్ణాకర్ సిద్దిపేటలో ఆటో నడుపుతాడు. నన్ను ఊరి నుంచి దవాఖానకు తిప్పడానికి, మా బిడ్డ మహేశ్వరితో కలిసి మా ఇంట్లోనే ఉంటున్నాడు. మర్నాడు అతను కూర్చున్నాడు. అతనికీ చేపలేదు. అప్పుడు ఐలవ్వ లోపలికొచ్చి, దండెం మీదున్న నా ఉతకని అంగి, తువ్వాల పట్టుకుపోయింది.

"అల్లుడా, గిది తొడుక్కో. గీయిన వాసనొస్తే గది చేపుతది."

"అబ్బ, గింత కంపా అత్తమ్మా! గీ మామతోని బర్రె ఇన్నేండ్లు ఎట్ల బతికిందో!"

"నవ్వకు. నవ్వితే నువ్వని తెలుస్తది దానికి."

కిటికీలోంచి చూశాను. నా అంగి, నా తువ్వాల, నా పీట. బర్రె మెడ తిప్పి అతని భుజం వాసన చూసింది. చేపింది. గిన్నెలో పాలధార చప్పుడు నా మంచం దాకా వినిపించింది. ఇంటికి పాలు వచ్చాయని సంతోషపడాలి. నాకు కడుపు మండింది. అది మందు మంట కాదని నాకు తెలుసు.

అప్పటి నుంచి రోజూ అడిగేవాణ్ణి.

"ఐలవ్వా, ఇయ్యాల ఎన్ని లీటర్లు?"

"మూడున్నర."

"నేను పిండితే నాలుగు."

"తెల్సులే. జావ తాగు."

మూడే అన్న రోజు జావ కొంచెం రుచిగా ఉండేది. ఒకరోజు పాలకేంద్రంలో పాలు కొలిచే సిద్ధయ్య నన్ను చూడ్డానికి వచ్చాడు. "అన్నా, నీ అల్లుని చెయ్యి మంచిగుందే. నువ్వు రంది పెట్టుకోకు, సల్లగ పండుకో" అన్నాడు. పాపం, మంచికే అన్నాడు. ఆ మాటకు రెండు పూటలు నేను అల్లుడితో మాట్లాడలేదు.

మూడో కీమో అయిన వారానికి ఒక తప్పు చేశాను. మధ్యాహ్నం ఐలవ్వ మహిళా సంఘం మీటింగుకు పోయింది. మహేశ్వరి నిద్రపోతోంది. దండెం మీది ఆ అంగి తీసి, బకెట్లో ముంచి, సబ్బు పెట్టి ఉతికాను. వాసన పోతే బర్రె తంతుంది, పాలు ఆపేస్తుంది, అప్పుడు అందరికీ నేను గుర్తొస్తాను అనుకున్నాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి. వేళ్ళు తిమ్మిరెక్కి బట్ట పిండటానికి పట్టు దొరకలేదు. ఏడుపొచ్చింది. అయినా పిండి ఆరేశాను.

సాయంత్రం కర్ణాకర్ ఆ అంగి తొడుక్కుని, కాలరు వాసన చూసి కొంచెం ఆగాడు. పీట వేసుకుని కూర్చున్నాడు. నేను కిటికీ దగ్గర, అది ఎప్పుడు తంతుందా అని చూస్తున్నాను. బర్రె మెడ కూడా తిప్పలేదు. నెమరేస్తూనే చేపింది.

పాలు పోసి వచ్చాక అతన్ని పిలిచాను.

"సబ్బు వాసనకు ఎట్ల చేపింది?"

అతను ఐలవ్వ వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

"కోపం చెయ్యకు మామా. పదిహేను దినాలాయె, నీ అంగి లేకున్నా చేపుతుంది. పొద్దుగాల నువ్వు పండుకున్నప్పుడు నా అంగితోనే పిండుతున్న."

"మరి మాపటికి గిదెందుకు తొడుక్కుంటున్నవ్?"

"కిటికీలకెళ్ళి నువ్వు చూస్తుంటవు గద."

నాకు సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువగా, అతను అంత మంచివాడైనందుకు కోపమొచ్చింది. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి.

"రేపటికెళ్ళి నీదే తొడుక్కో" అన్నాను.

మర్నాడు సాయంత్రం ఐలవ్వ కిటికీ మూయబోయింది. వద్దన్నాను. కర్ణాకర్ తన ఖాకీ అంగితోనే కూర్చున్నాడు. బొటనవేలు లోపలికి మడిచి చన్ను గుంజుతున్నాడు. అది నేను మొదటి రోజే చూశాను. అట్లా గుంజితే బర్రెకు నొప్పి, చివరి పాలు దిగవు. తెలిసీ ఇన్ని రోజులు నోరు మెదపలేదు.

"ఓ కర్ణాకర్! బొటనేలు మడవకు. పిడికిలి నిండ పట్టు. మీదికెళ్ళి కిందికి ఒత్తు, గుంజకు."

"గిట్లనా?"

"గట్ల గాదు. ఇంక జెర మీదికి. ఆఁ, గట్ల."

"ఇన్ని దినాలు జెప్పకపోతివి మామా!"

"జెప్పలే" అన్నాను.

ధార చప్పుడు మారింది. లావుగా, తెగకుండా పడుతోంది. మంచిగుంది కదా అన్నట్టు ఐలవ్వ నా ముఖంలోకి చూసింది. నేను బర్రెనే చూస్తూ ఉండిపోయాను.