పదో సంతకం

మహిత నా తోడబుట్టినదే. పుట్టినప్పుడు ఇంట్లో మగపిల్లవాడి పేరు పెట్టారు. ఆ పేరుతో పిలిస్తే ఆమె పలకదు. ఈ పేరుతో పిలవడానికి చాలా ఏళ్ళు నాకు నోరు రాలేదు. వడమాలపేటలో మా గడప దిగి ఆమె వెళ్ళిపోయి పంతొమ్మిదేళ్ళయింది.

తిరుపతిలో ఉండి ఆమె తనలాంటి వాళ్ళకు రేషను కార్డులు, పింఛన్లు ఇప్పించింది. విజయవాడ దాకా పోయి మంత్రులకు అర్జీలు ఇచ్చింది. పోయినేడు ఆమె స్నేహితురాలికి జబ్బు చేస్తే, మగవాళ్ళ వార్డులో వేయాలా ఆడవాళ్ళ వార్డులో వేయాలా అని తేల్చుకోలేక, ఒక ఆసుపత్రిలో వరండాలోనే పడుకోబెట్టారు. ఆ పిల్ల అక్కడే పోయింది. అప్పుడే మహిత ఎమ్మెల్యేగా స్వతంత్రంగా నిలబడతానంది. గెలవదని ఆమెకూ తెలుసు. ఆ వరండా సంగతి ఊరూరా చెప్పాలని, ఓటు మిషను మీద తన పేరు ఉండాలని ఆశ.

స్వతంత్రులకు నియోజకవర్గంలోని పదిమంది ఓటర్లు సంతకం పెట్టాలట. నామినేషన్లకు ఆఖరి రోజు గురువారం. తొమ్మిది సంతకాలు అయ్యాయి. పదో మనిషి కుప్పుస్వామి ఇంటికి ఆ పొద్దున ఎవరో నలుగురు వెళ్ళి మాట్లాడారు, ఆయన పెట్టనన్నాడు. ఇంకో మూడు ఇళ్ళు తిరిగి, మధ్యాహ్నం ఒకటీ నలభైకి మహిత మా ఇంటికి వచ్చింది. ఆమెతో పనిచేసే యాస్మిన్ ఆటోలోనే కూర్చుంది. మూడింటిలోపల నగరి ఆఫీసులో కాగితాలు ఇవ్వాలి. ముప్పావు గంట దారి.

"ఒక్క సంతకం అన్నా. ఇంగేమీ అడగను," అంది బయటే నిలబడి.

నా భార్య దేవకమ్మ ఆమెను లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చింది. నేను క్యాలెండరు చూశాను. గురువారం ఒకటిన్నర నుంచి మూడు దాకా రాహుకాలం. ఆ వేళలో మా ఇంట్లో కొత్త చీపురు కూడా వాడం. ఆమె పని చెడకూడదనే, మూడు దాటగానే పెడతానన్నాను.

"మూడుకి తలుపు మూసేస్తారన్నా."

గవర్నమెంటు ఆఫీసు చెప్పిన వేళకు ఏనాడు మూశారు, ఐదు దాకా ఉంటారులే అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. అనుకున్నాననే ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటున్నాను.

కలెక్టర్లతో వాదించే మనిషి నాతో వాదించలేదు. గ్లాసు పట్టుకుని ఇల్లంతా చూస్తూ కూర్చుంది. యాస్మిన్ బయటి నుంచి రెండుసార్లు పిలిచింది. రెండుంబావుకు మహిత లేచింది.

"అన్నా, నీ భయం రాహువుకా, కుప్పుస్వామి ఇంటికి పోయినోళ్ళకా?"

నేను మళ్ళీ క్యాలెండరు వైపు తిరిగాను. దారిలో ఎవరైనా దొరుకుతారేమోనని ఆమె వెళ్ళిపోయింది.

దేవుడి ముందు కూర్చున్నాను గానీ నామం నోటికి రాలేదు. మూడు కొట్టగానే బస్సెక్కి నగరి చేరాను. ఆఫీసు గేటు మూసి ఉంది. లోపల పెద్ద పార్టీల వాళ్ళు టీ తాగుతున్నారు. ఎదురుగా రోడ్డు పక్కన మహిత, యాస్మిన్ కూర్చుని ఉన్నారు.

"రాండి పెద్దాయనా. రాహువు దిగినాడా?" అంది యాస్మిన్.

కాగితం మహిత ఒళ్ళో ఉంది. పదో వరస ఖాళీ. పెన్ను ఇమ్మన్నాను. ఇప్పుడెందుకన్నా అంటూనే ఇచ్చింది. ఏకాంబరం అని రాశాను. అక్షరాలు గీత దాటాయి.

ఆమె కాగితం మడిచిపెట్టి ఫోను తీసింది. సంతకం పెట్టిన తొమ్మిది మందికీ చెప్పాలి కదా అంది. ఒక్కొక్కరికే చేసింది. అందరికీ ఒకటే మాట.

"నాదే తప్పు. నేనే ఆలస్యంగా వచ్చినాను."

తొమ్మిదో ఫోను అయ్యేదాకా నేను పక్కనే నిలబడి ఉన్నాను. కాదు, తప్పు నాదని ఒక్కసారైనా అడ్డుపడి చెప్పలేదు.