గంగామణి వేలిలో ఉక్కు తీగ

నేను ఒక ఉక్కు తీగను. సన్నగా, నిటారుగా, ఒక కొస మొనదేలి ఉంటాను. విరిగిన వేలి ఎముకలను గుచ్చి నిలబెట్టడానికి నన్ను చేశారు. అందుకని నాకు మనుషులంటే జాలి అనుకునేరు, అదేం లేదు. ఎముకలతో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా వాటిని మోసే మనుషులతోనే.

జిల్లా ఆస్పత్రిలో నా పక్క అరలో ఎముకకు బిగించే ఉక్కు ప్లేటు ఉండేది, బుల్లి మరలు వేసుకుని పెళ్లికొడుకులా. దాన్ని పెట్టాలంటే వేలు కోయాలి. బిగించాక ఎముక కదలదు, వేలిని తొందరగా ఆడించవచ్చు. కానీ వేలిని ఆడించే పైనరాలు దానికి అతుక్కుంటే వేలు కొయ్యబారుతుంది. నేనైతే కోత లేకుండా చర్మంలోంచే దూరిపోతాను. నా కొస మాత్రం బయటే ఉంటుంది, నాతో వచ్చే చేటంతా అక్కడే. ఏది మేలన్న దాని మీద పెద్ద డాక్టరు విఠల్‌రావుకీ చిన్న డాక్టరు నిఖత్‌కీ పడేది కాదు. ఆయన ప్లేటు పక్షం, ఆవిడ నా పక్షం. నా మీద ప్రేమతో కాదు లెండి, ఆయన్ని ఓడించాలని.

అప్పుడొచ్చింది గంగామణి. బీడీ కార్ఖానా షట్టర్ జారి ఆమె కుడి చూపుడు వేలి మీద పడింది. ఎముక ఏటవాలుగా విరిగింది, సరిచేసి వదిలేస్తే మళ్లీ జారిపోయే రకం. చుట్టిన బీడీకి మూతి మడిచేది ఆ వేలే, అది పోతే ఆమె పని పోయినట్టే. నిఖత్ పట్టుబట్టి నన్ను గుచ్చి, బయటి కొసను కొక్కెంలా వంచింది. కట్టు విప్పవద్దని, నెల రోజులు బీడీలు ముట్టవద్దని చెప్పింది. గంగామణి అన్నిటికీ తలూపింది. అంత తేలిగ్గా తలూపేవాళ్లను నేను నమ్మను.

వారం తిరక్కుండానే కట్టు విప్పేసి బీడీలు చుట్టే చాట ఒళ్లో పెట్టుకుంది. తునికాకు చుట్టింది కానీ, మూతి మడవబోతే వేలు మాట వినలేదు. అప్పుడు నా వంకర కొసతో ఆకు అంచును లోపలికి నొక్కింది. చక్కగా కుదిరింది. పక్కింటి సాయవ్వను పిలిచి మరీ చూపించింది.

"డాక్టరమ్మ మంచి సూదే వెట్టిందే సాయవ్వా. గోరు కంటే నయ్యమున్నది."

నాకు ఒళ్లు మండిపోయింది. నొక్కినప్పుడల్లా లోపల నా పట్టు సడలింది, తంబాకు పొడి నా వెంటే వేలిలోకి దిగింది. చీము పట్టింది. నోరుంటే ఆమెను నానా తిట్లూ తిట్టేదాన్ని.

ఇంకో మూడు వారాలకు వేలు బాగా వాచాక ఆస్పత్రికి పరిగెత్తింది. తీగతో ఎప్పుడూ ఇదే గొడవని విఠల్‌రావు నవ్వాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, అందరి తప్పూ నా నెత్తిన పడింది. నిఖత్ పటకారుతో నన్ను లాగి పళ్లెంలో వేసింది. ఎముక అతికింది, కానీ వంకరగా. గంగామణి వేలు వంచి చూసింది, సగంలో ఆగింది. ఇంకా వంగుతుందా అని అడిగితే నిఖత్ తల దించుకుని, ఇక ఇంతేనంది.

ఆమె ఏడుస్తుందనుకున్నాను, ఏడవాలనే కోరుకున్నాను. ఆమె పళ్లెం వైపు చూసింది.

"గా సూదన్న ఇయ్యిండ్రి డాక్టరమ్మా. ఇగ ఈ వేలు మూతి మడ్వదు. అదుంటె నా పని నడుస్తది."

చీము అంటినదాన్ని ఇవ్వకూడదని నిఖత్ నన్ను వాడేసిన సూదుల డబ్బాలో పడేసింది. ప్లేటు ఇంకా అరలోనే ఉంది, డాక్టర్ల పోటీ సాగుతూనే ఉంది. నన్ను కావాలని అడిగింది మాత్రం గంగామణి ఒక్కతే. ఆమెను నేనింకా క్షమించలేదు.